కీళ్ళ బీమారీ దిల్ దాకా వస్తుంది



"కీళ్ళ నొప్పులతో ఎవరూ చావరు" అనే మాట మన ఇళ్ళల్లో తరచూ వినిపిస్తుంది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోలేక చాయ్ కప్పు కూడా పట్టుకోలేని అమ్మాయికి, బుగ్గల మీద ఎర్రటి మచ్చలతో ఎండకు భయపడే బహూకి అమ్మీయో ఖాలాయో ఈ మాట చెప్పి సబర్ చేయమంటుంది. చెప్పేవాళ్ళ నీయత్ మంచిదే. కానీ మాట మాత్రం తప్పు. లూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, స్క్లిరోడెర్మా లాంటి జబ్బులు ఉన్నవాళ్ళలో రక్తనాళాలు మిగతావాళ్ళకంటే ముందే, ఎక్కువగా పాడవుతాయి. డాక్టర్లకు ఇది దాదాపు 50 ఏళ్ళుగా తెలుసు. మన ఇళ్ళకు మాత్రం ఈ ఖబర్ ఇంకా చేరలేదు. నా ఫికర్ అంతా దాని గురించే.

నేను డాక్టర్ని కాను. మా ఆపాకు 27వ ఏట లూపస్ అని తేలింది. అప్పటి నుంచి ఆమె ఫైళ్ళు మోస్తూ, దవాఖానా బెంచీల మీద కూర్చుంటూ, డాక్టర్లను అడుగుతూ, దొరికింది చదువుతూ వచ్చాను. ఇక్కడ నేను రాసేదాన్ని ఇలాజ్ అనుకోవద్దు. మీ డాక్టర్ ముందు మీరు అడగాల్సిన ప్రశ్నలు అనుకోండి.

ముందు ఈ బీమారీలు ఏమిటో చూద్దాం. బయటి నుంచి వచ్చే జెర్మ్స్‌తో పోరాడటానికి మన ఒంట్లో ఒక ఫౌజ్ ఉంటుంది. ఈ జబ్బుల్లో ఆ ఫౌజ్ దారి తప్పి సొంత ఒంటి మీదే దాడి చేస్తుంది. రుమటాయిడ్‌లో ముఖ్యంగా కీళ్ళ మీద. లూపస్‌లో చర్మం, కీళ్ళు, కిడ్నీలు, రక్తం, ఇలా ఎక్కడైనా. స్క్లిరోడెర్మాలో చర్మం బిగుసుకుపోతుంది, చలికి వేళ్ళు తెల్లగా, నీలంగా మారతాయి. మన పెద్దలు వీటన్నిటికీ కలిపి "గఠియా" అని ఒకే పేరు పెట్టేశారు. మోకాళ్ళు అరిగి వచ్చే ముసలితనపు నొప్పి వేరు, ఇవి వేరు. ఇంకో సంగతి, ఇవి ఎక్కువగా ఔరతులకే వస్తాయి. లూపస్ ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. అది కూడా ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో, 15 నుంచి 45 ఏళ్ళ మధ్య మొదలవుతుంది.

మరి గుండెకీ దీనికీ ఏం తఅల్లుఖ్? గుండెపోటు అంటే పైపులో కొవ్వు పేరుకుని మూసుకుపోవడం అని మనం అనుకుంటాం. అది సగం నిజం. రక్తనాళం లోపల ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొర సరిగ్గా ఉన్నంతకాలం రక్తం సాఫీగా పారుతుంది. అది దెబ్బతింటే కొలెస్ట్రాల్ గోడలోకి దూరుతుంది. దాన్ని తినడానికి ఒంట్లోని ఫౌజ్ కణాలు అక్కడికి వస్తాయి, కొవ్వు తిని ఉబ్బిపోయి అక్కడే ఉండిపోతాయి. ఆ ముద్ద మీది కప్పు ఒకరోజు పగిలితే దాని మీద రక్తం గడ్డ కడుతుంది. గుండె నాళంలో గడ్డ కడితే గుండెపోటు, మెదడు నాళంలో అయితే ఫాలిజ్. ఈ కథలో మొదటి నుంచి చివరి దాకా వాపు ఉంది, మన మాటలో సూజన్. లూపస్, రుమటాయిడ్ మరీజ్‌ల ఒంట్లో ఆ సూజన్ ఏళ్ళ తరబడి రగులుతూనే ఉంటుంది. వేళ్ళ కీళ్ళలో కనిపించే వాపే లోపల కనిపించని చోట రక్తనాళాల గోడల్నీ తినేస్తుంది.

ఇది ఖయాలీ మాట కాదు. 1976లో కెనడాలోని టొరంటో నుంచి మర్రే యురోవిట్జ్ అనే డాక్టర్, ఆయన సాథీలు ఒక పరిశీలన రాశారు. వాళ్ళు చూస్తున్న 81 మంది లూపస్ మరీజ్‌లలో 11 మంది చనిపోయారు. జబ్బు తేలిన మొదటి ఏడాదిలో పోయినవాళ్ళు లూపస్ ముదిరి, ఇన్ఫెక్షన్లు వచ్చి పోయారు. ఏళ్ళు గడిచాక పోయినవాళ్ళు అయిదుగురు. జబ్బు తేలిన దగ్గర నుంచి సగటున ఎనిమిదిన్నర ఏళ్ళకు పోయారు. ఆ అయిదుగురికీ అప్పటికి కొత్తగా గుండెపోటు వచ్చి ఉంది. అంటే లూపస్ నుంచి బతికి బయటపడ్డామని అనుకున్నవాళ్ళను దిల్ బీమారీ పట్టుకుంది.

1997లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి సూసన్ మాంజీ అనే డాక్టరమ్మ బృందం 498 మంది లూపస్ ఉన్న ఆడవాళ్ళ లెక్క ఇచ్చింది. 35 నుంచి 44 ఏళ్ళ మధ్య వయసులో, లూపస్ లేని ఆడవాళ్ళతో పోలిస్తే వీళ్ళకు గుండెపోటు 50 రెట్ల కన్నా ఎక్కువగా వచ్చింది. ఈ అంకె విని ఘబరాయించవద్దు, సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఆ వయసు ఆడవాళ్ళకు మామూలుగా గుండెపోటు చాలా అరుదు. ఆ చిన్న లెక్కకు 50 రెట్లు అన్నమాట. లూపస్ ఉన్న ప్రతి అమ్మాయికీ గుండెపోటు వస్తుందని కాదు. కానీ "ఈ వయసులో ఆడపిల్లకు గుండెపోటు ఏమిటి" అనే మాట లూపస్ ఉన్న అమ్మాయి విషయంలో చెల్లదు.

2003లో న్యూయార్క్, నాష్‌విల్ డాక్టర్లు వేరువేరుగా మరీజ్‌ల రక్తనాళాల లోపలికే చూశారు. న్యూయార్క్‌లో మెడ రక్తనాళాలను అల్ట్రాసౌండ్‌తో చూస్తే లూపస్ ఉన్నవాళ్ళలో 37 శాతం మందికి కొవ్వు ముద్దలు కనిపించాయి, లేనివాళ్ళలో 15 శాతం మందికి. నాష్‌విల్‌లో స్కాన్‌తో గుండె నాళాల్లో కాల్షియం పేరుకుందా అని చూస్తే లూపస్ ఉన్నవాళ్ళలో 31 శాతం, లేనివాళ్ళలో 9 శాతం. పైకి ఏ తకలీఫ్ లేని రోజుల్లోనే లోపల పని మొదలై ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ మన బస్తీల్లో లూపస్ కంటే చాలా ఎక్కువ. అందులో ప్రమాదం లూపస్ అంత తీవ్రం కాదు, అలాగని చిన్నదీ కాదు. దాదాపు ఒకటిన్నర రెట్లు. షుగర్ ఉన్నవాళ్ళ గుండెకు ఎంత ఖతరా ఉందో, రుమటాయిడ్ ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే అని యూరప్ పరిశీలనలు చెప్పాయి. అందుకే యూరప్ కీళ్ళ డాక్టర్ల సంఘం, మామూలు పద్ధతిలో గుండె ప్రమాదం లెక్కకట్టి వచ్చిన అంకెను రుమటాయిడ్ మరీజ్‌కు 1.5తో గుణించమని సలహా ఇచ్చింది. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టర్లు గుండె ప్రమాదం లెక్కకట్టే పద్ధతిలో 2017 నుంచి రుమటాయిడ్‌తో పాటు "లూపస్ ఉందా", "స్టెరాయిడ్ గోలీలు వేసుకుంటున్నారా" అనే ప్రశ్నలు కూడా ఉన్నాయి.

మనదేశం వాళ్ళకు ఇంకో భారం ఉంది. దక్షిణాసియా వాళ్ళకు మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్ళకంటే అయిదారేళ్ళు ముందే వస్తుందని అనేక దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశీలనలో తేలింది. ఆ ముందుదనానికి ఈ జబ్బు ముందుదనం కలిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆపాకు 41 ఏళ్ళప్పుడు ఒక రాత్రి ఛాతీ బరువుగా ఉందని, దవడ లాగుతోందని, చెమటలు పడుతున్నాయని చెప్పింది. దూలాభాయి దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న డాక్టర్ వయసు అడిగాడు, బురఖాలో ఉన్న ఆమెను దూరం నుంచే చూశాడు, గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి, "కమ్జోరీ, టెన్షన్" అని పంపేశాడు. ఈసీజీ తీయలేదు. లూపస్ ఉందని దూలాభాయి చెబితే "అది చర్మం జబ్బు కదా" అన్నాడట. తెల్లవారుజామున తగ్గకపోతే ఇంకో దవాఖానాకు తీసుకెళ్ళాం. అక్కడ వెళ్ళగానే ఈసీజీ తీశారు. గుండెపోటు. ఒక నాళంలో స్టెంట్ వేశారు. అల్హందులిల్లాహ్, ఆపా ఇప్పుడు బాగుంది. కానీ ఆ రాత్రి పోయిన అయిదారు గంటల్లో గుండె కండరం కొంత పోయింది, అది తిరిగి రాదు. మెట్లు ఎక్కితే ఇప్పటికీ ఆయాసపడుతుంది.

ఆ ఒక్క డాక్టర్ మీద కోపం తీర్చుకోవడానికి ఇది చెప్పడం లేదు. కీళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన కీళ్ళు, కిడ్నీ, రక్తం చూస్తాడు. గుండె డాక్టర్ గదిలో కూర్చునేవాళ్ళు ఎక్కువగా యాభై దాటిన మగవాళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళ లూపస్ అమ్మాయి ఈ రెండు గదుల మధ్య వరండాలో ఉండిపోతుంది. ఇంట్లో కూడా అంతే. అబ్బాజాన్‌కు యాభై నిండగానే "హార్ట్ చెకప్ ప్యాకేజీ" చేయిస్తాం. పదేళ్ళుగా స్టెరాయిడ్ వేసుకుంటున్న బేటీకి కొలెస్ట్రాల్ టెస్ట్ అయినా ఎప్పుడు చేయించామో ఎవరికీ యాద్ ఉండదు. ఖర్చు వల్ల అనుకోవడానికి లేదు. కొలెస్ట్రాల్, షుగర్ టెస్టులు రెండూ కలిపి ఒక దావత్‌కు పెట్టే ఖర్చులో చిన్న ముక్క. ఖయాల్ లేకపోవడమే అసలు సంగతి.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. రిష్తా కోసం మనం అమ్మాయిల జబ్బును దాచిపెడతాం. లూపస్ అని తెలిస్తే సంబంధం రాదని, వచ్చినా జహేజ్ పెరుగుతుందని భయం. నికా అయ్యాక అమ్మాయి ససురాల్‌లో గోలీలను బీరువాలో దుపట్టాల కింద దాచుకుంటుంది. సాస్ చూస్తుందేమోనని కొన్ని రోజులు వేసుకోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే మైకే వచ్చినప్పుడే. ఆ గ్యాప్‌లో జబ్బు మళ్ళీ రగులుతుంది. రగిలిన ప్రతిసారీ పెద్ద డోసు స్టెరాయిడ్ కావాలి. ఆ సూజన్, ఆ స్టెరాయిడ్ రెండూ కలిసి రక్తనాళాల మీద పడతాయి. దాచిన బీమారీ ఇలా పదేళ్ళ తర్వాత గుండె జబ్బుగా బయటికి వస్తుంది.

"చెబితే ఎవరు చేసుకుంటారు భాయ్, నీకేం, రాస్తావు" అని మీరు అడగొచ్చు. అడిగేవాళ్ళ బాధ నాకు తెలుసు. చెప్పినందుకు రెండు సంబంధాలు తప్పిపోయిన ఇల్లు మాది. కానీ దాచి చేసిన శాదీలో ఆ అమ్మాయి రోజూ భయంతో బతకాలి, గోలీ వేసుకోవడమే గునాహ్ అన్నట్టు బతకాలి. చెప్పి చేస్తే ఆలస్యం కావచ్చు. ఆలస్యంగా వచ్చిన ఆ దామాద్ మాత్రం మందుల డబ్బా ఎక్కడుందో తెలిసినవాడై ఉంటాడు. ఆపాను ఆ రాత్రి రెండో దవాఖానాకు తీసుకెళ్దామని పట్టుబట్టింది దూలాభాయే. ఆయనకు నికాకు ముందే అంతా తెలుసు. నా రాయి ఒకటే: జబ్బు సంగతి నికాకు ముందే చెప్పాలి. అబ్బాయి జబ్బైనా అంతే, అమ్మాయి జబ్బైనా అంతే.

బహూల విషయంలో ఇంకో జుల్మ్ ఉంది. వరసగా గర్భం పోతుంటే "మన్హూస్" అంటారు, నజర్ అంటారు, తావీజ్ కడతారు. లూపస్ ఉన్న కొందరి రక్తంలో, లూపస్ లేని కొందరిలో కూడా, రక్తాన్ని తొందరగా గడ్డ కట్టించే యాంటీబాడీలు ఉంటాయి. 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే డాక్టర్ దీన్ని వివరించారు. ఈ యాంటీబాడీల వల్ల పదే పదే గర్భస్రావం జరగవచ్చు, కాళ్ళ నాళాల్లో గడ్డలు రావచ్చు, చిన్న వయసులోనే ఫాలిజ్ రావచ్చు. రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. తెలిస్తే మందులు ఉన్నాయి, ఆ మందులతో చాలామంది ఔరతులు బిడ్డల్ని కన్నారు. అందుకని మీ ఇంట్లో ఎవరికైనా గర్భాలు పోతుంటే, ముందు ఈ యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. దుఆ కూడా చేయండి. కానీ బహూను నిందించవద్దు.

మందుల దగ్గరికి వద్దాం. స్టెరాయిడ్ ఈ జబ్బుల్లో ప్రాణం నిలబెట్టే దవా. కానీ ఎక్కువ డోసులో ఎక్కువకాలం వాడితే బీపీ, షుగర్, కొవ్వు, బరువు అన్నీ పెరుగుతాయి. అందుకే డాక్టర్లు జబ్బు అదుపులోకి రాగానే మెల్లగా తగ్గించాలని చూస్తారు. మనవాళ్ళు రెండు గలతీలు చేస్తారు. ఒకటి, హాయిగా ఉందని పాత చీటీ చూపించి మెడికల్ షాపులో నెలలకొద్దీ కొనుక్కోవడం. రెండు, ముఖం ఉబ్బిందని ఒక్కసారిగా మానేయడం. ఎక్కువకాలం వాడినది హఠాత్తుగా ఆపితే జాన్‌కే ఖతరా. పెంచినా తగ్గించినా డాక్టరే చేయాలి.

డైక్లోఫినాక్ లాంటి నొప్పి గోలీలను కూడా మనం మిఠాయిల్లా తింటాం. అవి కిడ్నీకి చెడ్డవని కొందరికి తెలుసు. గుండెపోటు ప్రమాదాన్ని కూడా పెంచుతాయని చాలామందికి తెలియదు. కీళ్ళ నొప్పికి పేరూ లేబులూ లేకుండా పొట్లాల్లో అమ్మే పొడుల సంగతి ఇంకా ఘోరం. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపినట్టు మనదేశంలో పరీక్షల్లో బయటపడింది. యూనానీని నేను తక్కువ చేయడం లేదు, చదివిన హకీం సాబ్‌లు చీటీ మీద మందు పేరు రాసి ఇస్తారు. పేరు చెప్పనివాళ్ళ పొడి తినవద్దు.

లూపస్‌లో దాదాపు అందరికీ ఇచ్చే ఇంకో గోలీ హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ పేరు దేశమంతా మోగింది. అవసరం లేనివాళ్ళు కూడా డబ్బాలు డబ్బాలు కొని ఇళ్ళల్లో పెట్టుకున్నారు, రోజూ వేసుకునే లూపస్ మరీజ్‌లు షాపు షాపూ తిరిగారు. ఇది జబ్బు మళ్ళీ రగలకుండా చూస్తుంది. గడ్డలు కట్టడం, కొలెస్ట్రాల్, షుగర్ విషయంలో కూడా మేలు చేస్తున్నట్టు అనేక పరిశీలనల్లో కనిపించింది. ఖరీదు కూడా ఎక్కువ కాదు. కానీ "కళ్ళు పోతాయి" అనే భయంతో చాలామంది మానేస్తారు. కంటి ప్రమాదం నిజమే. అది ఎక్కువగా డోసు మీద, ఎన్నేళ్ళు వాడారనే దాని మీద ఆధారపడుతుంది. కంటి డాక్టర్లు చెప్పే హద్దు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదని. మొదట్లో ఒకసారి కంటి పరీక్ష చేయించి, అయిదేళ్ళ తర్వాత నుంచి ఏటా చేయిస్తే చెడును ముందే పట్టుకోవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ముందు నుంచే చేయించాలి. కళ్ళకు భయపడి గుండెను, కిడ్నీని వదిలేయడం అఖ్ల్‌మందీ కాదు.

సూజన్‌ను తగ్గిస్తే నిజంగా గుండెకు మేలు జరుగుతుందా అని ఎవరైనా అడగవచ్చు. 2017లో దీనికి గట్టి జవాబు ఒకటి వచ్చింది. అప్పటికే గుండెపోటు వచ్చి, రక్తంలో సూజన్ గుర్తులు ఎక్కువగా ఉన్న 10,061 మంది మీద ఒక పెద్ద ప్రయోగం చేశారు. కొలెస్ట్రాల్‌ను తగ్గించని, సూజన్‌ను మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ కొందరికి ఇచ్చారు. వాళ్ళలో మళ్ళీ గుండెపోటు, ఫాలిజ్, గుండె మరణాలు కలిపి దాదాపు 15 శాతం తగ్గాయి. ఇన్ఫెక్షన్ల ప్రమాదం పెరిగింది కాబట్టి ఆ ఇంజెక్షన్ గుండె జబ్బుకు మామూలు ఇలాజ్ కాలేదు. కానీ సూజన్ దానంతట అదే రక్తనాళాలకు దుష్మన్ అని రుజువైంది. కాబట్టి లూపస్‌ను, రుమటాయిడ్‌ను అదుపులో పెట్టే గోలీ మీ కీళ్ళకే కాదు, మీ దిల్‌కు కూడా దవా.

ఇక ఏం చేయాలి? డాక్టర్ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ బీపీ చూపించుకోండి. చూడకపోతే అడగండి, సిగ్గు పడవద్దు. ఏడాదికోసారి కొలెస్ట్రాల్, షుగర్ చూపించుకోండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. రుమటాయిడ్ బాగా రగిలినప్పుడు కొలెస్ట్రాల్ అంకె తక్కువగా కనిపిస్తుంది. అది చూసి ఖుష్ కావద్దు, జబ్బు శాంతించాక మళ్ళీ చూపించుకోవాలి. లూపస్ ఉన్నవాళ్ళు మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని తరచూ చూపించుకోవాలి, ఎందుకంటే కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే గుండె దెబ్బతింటుంది. "నా గుండెకు ప్రమాదం ఎంత, నాకు కొలెస్ట్రాల్ గోలీ అవసరమా" అని సీదాగా అడగండి. బిడ్డ కావాలనుకునేవాళ్ళు గర్భానికి ముందే అన్ని మందుల జాబితా డాక్టర్‌కు చూపించాలి. మెథోట్రెక్సేట్ లాంటివి ముందే మానాలి, కొలెస్ట్రాల్ గోలీ సంగతి కూడా అప్పుడే అడగాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను మాత్రం గర్భంలో కూడా కొనసాగించమనే ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు.

ఇంట్లో మర్దులకు ఒక మాట. ఆమె సిగరెట్ తాగకపోవచ్చు, మీరు ఆమె పక్కన కూర్చుని తాగుతున్నారు. ఆ పొగ ఆమె రక్తనాళాల్లోకీ వెళ్తుంది. పొగ రుమటాయిడ్ రావడానికీ, ముదరడానికీ కూడా ఒక కారణం. గేటు బయట కాదు, పూర్తిగానే మానండి.

దస్తర్‌ఖాన్ గురించి నేను పెద్దగా వాజ్ చెప్పను. శుక్రవారం బిర్యానీ వల్ల ఎవరి గుండే ఆగదు. కానీ రోజూ ఆచార్, పాపడ్, రోజుకు ఆరుసార్లు చక్కెర వేసిన చాయ్, డాల్డాలో వేయించినవి, వాడిన నూనె మళ్ళీ కాచి వాడటం, ఇవి తగ్గించవచ్చు. స్టెరాయిడ్ వేసుకునేవాళ్ళకు ఉప్పు, తీపి రెండూ రెట్టింపు చెడు చేస్తాయి.

నడక సంగతి కష్టం. మన మొహల్లాల్లో ఆడవాళ్ళు నడవడానికి జాగా ఏది? ఫజర్ నమాజ్ తర్వాత గల్లీలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి నడవవచ్చు, లేదా మేడ మీద అటూ ఇటూ నడవవచ్చు. లూపస్ వాళ్ళకు ఎండ పడదు కాబట్టి పొద్దున్నే, సాయంత్రమే మేలు. ఒళ్ళంతా కప్పే బట్టలు ఈ జబ్బులో ఎండ నుంచి కాపాడతాయి. కాకపోతే ఎండ తగలని ఒంటికి విటమిన్ డి తక్కువ కావచ్చు, దాన్ని కూడా పరీక్షించుకోవాలి.

రమజాన్ వస్తే మందుల వేళలు తారుమారవుతాయి. "రోజా ఉన్నాను, గోలీ ఇఫ్తార్ తర్వాత చూద్దాం" అని అసలే మర్చిపోతారు. చాలా గోలీలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చు, ఆ మార్పు నెల ముందే డాక్టర్‌తో చేయించుకోవాలి. జబ్బు రగిలి ఉన్నప్పుడు, కిడ్నీ బాగోలేనప్పుడు డాక్టర్ వద్దంటే వినాలి. బీమార్‌కు దీన్ రుఖ్‌సత్ ఇచ్చింది, తర్వాత ఖజా చేసుకోవచ్చు, అదీ వీలుకాకపోతే ఫిదియా ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఆసానీని సాస్‌గారో పక్కింటివాళ్ళో వెనక్కి తీసుకోలేరు.

చివరిగా, ఆపద గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఛాతీలో బరువు, దవడకో మెడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఊపిరాడకపోవడం, చల్లని చెమటలు, కారణం లేని వాంతి, ఎప్పుడూ లేనంత నీరసం. ఆడవాళ్ళలో ఛాతీ నొప్పి తక్కువగా ఉండి మిగతావే ఎక్కువగా ఉండవచ్చు. మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి పడిపోవడం, మాట తడబడటం ఫాలిజ్ గుర్తులు. ఇవి కనిపిస్తే సోడా, అల్లం రసం, దమ్ చేసిన నీళ్ళు అంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. దవాఖానాలో అడుగు పెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట ఇది: "ఈమెకు లూపస్ ఉంది, గుండెపోటు ప్రమాదం ఎక్కువ, ఈసీజీ తీయండి." ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది డాక్టర్ల సొంత నియమమే. మీరు అడిగేది మెహర్బానీ కాదు, హక్కు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకు, చుట్టుపక్కల జిల్లాల వాళ్ళకు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. దూరం అనుకోకుండా ఒక్కసారి వెళ్ళి జబ్బు పేరు సరిగ్గా తేల్చుకోండి. ఆ తర్వాత మీ ఊళ్ళో డాక్టర్ దగ్గర బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవచ్చు. మరీజ్ ఫైలు మొదటి పేజీ మీద జబ్బు పేరు, వేసుకునే మందులు, చివరి బీపీ, చివరి కొలెస్ట్రాల్, తారీఖులతో రాసి పెట్టండి. చదువుకునే పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వాళ్ళకు అప్పగించండి, బాగా చేస్తారు. ఈ శుక్రవారం జుమా తర్వాత ఓ అరగంట కూర్చుని రాసేయండి. చివరి కొలెస్ట్రాల్ ఎదురుగా రాయడానికి తారీఖు దొరకకపోతే శనివారం పొద్దున్నే ల్యాబ్‌కు తీసుకెళ్ళండి.

అల్లాహ్ మన ఇళ్ళల్లోని బీమార్లందరికీ షిఫా ఇవ్వాలని, వాళ్ళను చూసుకునేవాళ్ళకు హిమ్మత్ ఇవ్వాలని దుఆ. ఆమీన్.

ఖుదా హాఫిజ్.